మూడో నెల దాకా ఆగొద్దు

నెల తప్పిన సంగతి తెలియగానే మన ఇళ్లలో ముందు సంబరం, ఆ వెంటనే ఒక హెచ్చరిక. "మూడో నెల వెళ్లేదాకా ఎవరికీ చెప్పకమ్మా!" దిష్టి తగులుతుందని కొందరి భయం. నిలబడుతుందో లేదో చూసి చెబుదామని ఇంకొందరి ఆలోచన. ఊరంతా చాటుకోవాల్సిన పని లేదు, నిజమే. కానీ ఈ దాపరికం ఆశా కార్యకర్త దగ్గరా, ఏఎన్‌ఎం దగ్గరా, చివరికి డాక్టరు దగ్గరా కొనసాగుతోంది. నా బాధంతా అక్కడే. బిడ్డ మెదడు, వెన్నుపాము, గుండె, కాళ్లూ చేతులూ రూపు కట్టేది సరిగ్గా ఆ దాచిపెట్టిన వారాల్లోనే. పొట్ట పైకి కనపడే నాటికి ఆ పని ఎప్పుడో పూర్తయిపోయి ఉంటుంది. అందుకే ఇవాళ ఆ మొదటి పన్నెండు వారాల గురించే మాట్లాడతాను.

ముందు లెక్క సంగతి. ఈ లెక్క తెలియక ఏడ్చిన కోడళ్లను నేను చూశాను కనుక దీన్ని కాస్త నిదానంగా చెబుతాను. గర్భం వారాలను బిడ్డ కడుపులో పడిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆఖరిసారి బహిష్టు మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు. ఎందుకంటే అండం ఏ రోజు విడుదలైందో చాలామందికి తెలియదు, బహిష్టు తేదీ మాత్రం తెలుస్తుంది. మామూలుగా 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్లలో అండం విడుదలయ్యేది సుమారు 14వ రోజున. అంటే లెక్కలో మొదటి రెండు వారాలూ అసలు గర్భమే లేదు. నెల తప్పిన రోజుకు నాలుగు వారాలు అంటారు, నిజానికి కడుపులో పడి రెండు వారాలే అయి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. భర్త దుబాయిలో పని చేస్తాడు. సెలవు మీద ఫిబ్రవరి 10న ఇంటికొచ్చాడు. భార్యకు ఆఖరి బహిష్టు ఫిబ్రవరి 1న వచ్చింది. మార్చి 15న స్కానింగు చేయిస్తే కాగితం మీద 'ఆరు వారాలు' అని రాసిచ్చారు. అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. కొడుకు వచ్చి అయిదు వారాలు కూడా కాలేదు, ఆరు వారాల కడుపెక్కడిది? ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, కడపలో, గోదావరి జిల్లాల్లో, గల్ఫ్‌కు మనుషులు వెళ్లే ఊళ్లన్నిటిలో ఇలాంటి అనుమానం పుట్టే వీలుంది. కొత్తగా పెళ్లయిన ఇళ్లలోనూ అంతే. అమ్మా, ఆ కాగితం సరిగ్గానే ఉంది, మీ కోడలు చెప్పిందీ సరిగ్గానే ఉంది. ఫిబ్రవరి 1 నుంచి మార్చి 15కి 42 రోజులు, ఆరు వారాలు. బిడ్డ కడుపులో పడింది ఫిబ్రవరి నడిమధ్యలో. ఆఖరి బహిష్టు తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలపండి, నవంబరు 8 వస్తుంది. కాన్పు తేదీ అదే, రెండు వారాలు అటూ ఇటూ. నెలసరి సక్రమంగా రాని వాళ్లకు ఈ లెక్క కుదరదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగులో బిడ్డ పొడవును బట్టి వారాలు చెబుతారు. కాన్పు తేదీకి అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం అదే. ఏడో నెలలో మొదటిసారి స్కానింగుకు వచ్చి తేదీ చెప్పమంటే ఎవరూ అంత కచ్చితంగా చెప్పలేరు.

నెల తప్పిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. 'నిశ్చయ్' అనే కిట్టు ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్త దగ్గర డబ్బు లేకుండా దొరుకుతుంది. పొద్దున లేవగానే పోసే మూత్రంతో చేస్తే ఫలితం బాగా తెలుస్తుంది. రాత్రంతా నిలవ ఉండటం వల్ల అందులో గర్భం తాలూకు హార్మోను చిక్కగా ఉంటుంది. రెండు గీతలు వస్తే గర్భం ఉన్నట్టు. రెండోది లేతగా వచ్చినా ఉన్నట్టే. ఒక్కటే వచ్చి, నెలసరి కూడా రాకపోతే, వారం ఆగి మళ్లీ చూడండి. తొందరపడి నెల తప్పకముందే చేస్తే హార్మోను చాలినంత ఉండదు, లేదనుకుని పొరబడతారు.

రెండు గీతలు కనపడిన రోజే మొదలుపెట్టాల్సింది ఒక చిన్న మాత్ర. ఫోలిక్ యాసిడ్, రోజుకు 400 మైక్రోగ్రాములు. నిజానికి గర్భం కోరుకుంటున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము ముందు ఒక సన్నని గొట్టంలా ఏర్పడతాయి. ఆ గొట్టం రెండు కొసలూ మూసుకునేది బిడ్డ కడుపులో పడిన నాలుగు వారాలకు, అంటే మన లెక్కలో ఆరో వారానికి. అప్పటికి బిడ్డ మినపగింజంత ఉంటుంది. నెల తప్పిందని తెలిసిన తర్వాత మీ చేతిలో మిగిలేది రెండే వారాలు. మూడో నెల దాటాక డాక్టరు దగ్గరికి వచ్చి ఈ మాత్ర అడిగితే, ఏ పని కోసం వేసుకుంటామో ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ గొట్టం సరిగా మూసుకోకపోతే బిడ్డ వీపు మీద గడ్డతో, కాళ్లలో చచ్చుదనంతో పుట్టవచ్చు. తలపుర్రె ఏర్పడకుండా పుట్టి దక్కకుండా పోవచ్చు. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరగడం నాలుగింట మూడు వంతుల దాకా తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. అలాంటి తల్లులకూ, మూర్ఛ మందులు వాడేవాళ్లకూ, చక్కెర జబ్బు ఉన్నవాళ్లకూ మోతాదు ఎక్కువ కావాలి. అది డాక్టరే చెప్పాలి.

ఈ మాత్ర వెనక మనవాళ్ల చరిత్ర ఉంది. చెప్పకుండా ముందుకు వెళ్లాలని నాకు లేదు. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం తగ్గి పాలిపోయి ప్రాణాల మీదికి తెచ్చుకుంటుంటే, కారణం వెతకడానికి. తిండిలో ఏదో తక్కువవుతోందని గ్రహించి, ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించారు. ఆ 'ఏదో' తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ప్రపంచానికి అందించిన బృందానికి 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. బొంబాయి కూలి తల్లుల రక్తహీనతతో మొదలైన అన్వేషణ ఒక తెలుగువాడి చేతిలో మాత్రగా మారి, ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది. తోటకూర, పాలకూర, పప్పులు, వేరుశనగ, వీటిలోనూ ఫోలేట్ ఉంది. కానీ ఉడికించేటప్పుడు కొంత పోతుంది. కూరలు తినండి, మాత్రా వేసుకోండి.

ఇక వేవిళ్లు. పదిమంది గర్భిణుల్లో ఏడెనిమిది మందికి ఏదో ఒక స్థాయిలో ఉంటాయి. సుమారు ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదిరి, పన్నెండు, పద్నాలుగు వారాలకు చాలామందికి సర్దుకుంటాయి. పొద్దున మాత్రమే అనేది పొరపాటు, సాయంత్రం మొదలై రాత్రి దాకా బాధపెట్టేవీ ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ముక్కు మారిపోతుంది. నిన్నటి దాకా ఇష్టంగా పీల్చిన పోపు వాసన, అన్నం ఉడికే ఆవిరి, భర్త తలకు రాసుకునే నూనె, అన్నీ కడుపులో తిప్పేస్తాయి. ఇది నాజూకుతనం కాదు, నటన అంతకన్నా కాదు. ఆ వారాల్లో పొయ్యి దగ్గర నిలబడే పని ఇంట్లో ఇంకొకరు తీసుకుంటే ఏ మందూ చేయలేని మేలు చేసినట్టు. అత్తగారైనా సరే, ఆడబిడ్డైనా సరే, అసలు భర్తే వంట చేస్తే ఇంకా మంచిది.

కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు మంచం పక్కన ఒక డబ్బాలో మరమరాలో, వేయించిన అటుకులో, ఉప్పు బిస్కెట్లో పెట్టుకోండి. తెల్లవారి లేవకముందే, పడుకునే నాలుగు నమిలి, పావుగంట ఆగి నెమ్మదిగా లేవండి. మూడు పూటల భోజనం బదులు రెండేసి గంటలకు కొంచెం కొంచెం తినండి. వేడి అన్నం వాసన పడకపోతే చల్లారిన పెరుగన్నం తినండి. అన్నంతోపాటు గ్లాసుల కొద్దీ నీళ్లు తాగకుండా, మధ్యమధ్యలో మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్లు గుక్కలు గుక్కలుగా తాగండి. అల్లం కషాయం చాలామందికి పనిచేస్తుంది. పుల్లమామిడి, ఉసిరి, చింతచిగురు తినాలనిపిస్తే తినండి, ఉప్పూ కారం మితంగా ఉంటే చాలు. ఈ రోజుల్లో మంచి తిండి తినలేకపోతున్నానని బెంగ వద్దు. మొదటి మూడు నెలల్లో బిడ్డ కోసం అదనంగా తినాల్సిన అవసరం దాదాపు లేదు. ఇద్దరి తిండి తినమని బలవంతం చేసే పెద్దవాళ్లు ఈ మాట వినాలి.

అయితే నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, రోజంతా మూత్రం సరిగా రాకపోయినా, ముదురు రంగులో వచ్చినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, బరువు తగ్గుతున్నా, అవి మామూలు వేవిళ్లు కావు. ఆసుపత్రికి వెళ్లి సెలైన్ ఎక్కించుకోవాలి. 'అందరికీ ఉండేదే, ఓర్చుకో' అనే మాట ఇక్కడ ప్రమాదం తెస్తుంది. వేవిళ్లు బొత్తిగా లేనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గర్భానికి లోపమేమీ ఉన్నట్టు కాదు. వాంతుల్ని బట్టి ఆడో మగో చెప్పడం కూడా కుదరదు.

వాంతులకు మందులున్నాయి, భయం లేకుండా వాడదగినవే, కానీ డాక్టరు రాసివ్వాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. నిద్రకనీ, గర్భిణుల వికారానికనీ ఎన్నో దేశాల్లో వాడారు. 1961లో ఆపేసే సరికి పదివేలమందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. తల్లులు ఆ మాత్ర వేసుకున్నది సరిగ్గా ఈ తొలి వారాల్లోనే. ఇవాళ మన ఇళ్లలో ఉన్న మందుల్లోనూ జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయి. మొటిమలకు మింగే ఐసోట్రెటినోయిన్, కొన్ని రకాల బీపీ మాత్రలు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్. అలాగని మూర్ఛ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు మీకై మీరు ఆపేస్తే ఇంకా ముప్పు. అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోవచ్చు, ఒళ్లునొప్పుల మాత్రలు వద్దు. ఎక్స్‌రే తీయించాల్సి వస్తే నెల తప్పిన సంగతి ముందే చెప్పండి.

నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో బల్ల మీద తల వాల్చేయాలనిపిస్తుంది. మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది, రొమ్ములు సలుపుతాయి, మలబద్ధకం, పొత్తికడుపులో నెలసరి నొప్పి లాంటి మెలి, తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావడం, ఇవన్నీ మామూలే. మూత్రంలో మంట ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి.

బలపాలు, పచ్చి బియ్యం, పుట్టమన్ను తినాలని ప్రాణం లాగేవాళ్లుంటారు. వాళ్లను తిట్టకండి. ఒంట్లో ఇనుము తక్కువైన వాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు, మన రెండు రాష్ట్రాలూ అందుకు మినహాయింపు కాదు. ఇనుము మాత్రలు మామూలుగా నాలుగో నెల నుంచి ఇస్తారు. రక్తం మరీ తక్కువగా ఉంటే ముందే మొదలుపెడతారు. వాటిని టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టవు. అసలు కాఫీ, టీలు రోజుకు రెండు చిన్న కప్పులు దాటనివ్వకండి.

బొప్పాయి గురించి అడగని గర్భిణి ఉండదు. పచ్చి బొప్పాయి, పాలు కారే దోర కాయ వద్దు. బాగా మాగిన పండు ముక్క ఒకటి పొరపాటున తిన్నానని వణికిపోవాల్సిన పని లేదు. నువ్వులు, బెల్లం వేడి చేసి కడుపు పోతుందనేది నిజం కాదు. బెంగ పెట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పత్తి చేలో, మిరప తోటలో పురుగుమందు కలపడం, కొట్టడం, కొట్టిన చేలో ఆ వెంటనే కూలికి దిగడం. ఈ మూడు నెలలూ వాటి జోలికి పోవద్దు, భర్త మందు కొట్టి వచ్చిన బట్టలు కూడా మీరు ఉతకొద్దు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే అలవాటున్న అక్కలు, కల్లు ముంత ముట్టే అలవాటున్నవాళ్లు, గుట్కా నమిలేవాళ్లు ఇప్పుడే మానేయాలి. ఇంట్లో మగవాళ్లు సిగరెట్టు బయట కాల్చుకోవాలి.

పన్నెండు వారాల లోపు పేరు నమోదు చేయించుకుంటే తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, మూత్రం, హెచ్‌ఐవీ, సిఫిలిస్, కామెర్ల పరీక్ష, థైరాయిడ్ చూస్తారు. చక్కెర పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు, పరగడుపున రావాల్సిన పని లేదు. 140 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే గర్భంలో వచ్చే చక్కెరగా చూసుకుని వైద్యం మొదలుపెడతారు. ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్ మొదటి మోతాదు కూడా వేస్తారు. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరే ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. అమెరికాలో ఉన్న అమ్మాయికి ఎనిమిదో వారం దాకా డాక్టరు చూడనన్నాడని విజయవాడలో తల్లి కంగారు పడుతుంటుంది. అక్కడి పద్ధతి అది, అశ్రద్ధ కాదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆ పిల్లను ఇవాళే మొదలుపెట్టమనండి.

స్కానింగుకు మరీ ముందే పరుగెత్తకండి. అయిదో వారంలో వెళితే సంచి మాత్రమే కనపడుతుంది, గుండె చప్పుడు లేదన్న మాట విని ఇంటికొచ్చి రాత్రంతా ఏడుస్తారు. గుండె కదలిక తెలిసేది ఆరో వారం తర్వాతే. నొప్పీ రక్తమూ లేకపోతే ఏడెనిమిది వారాలకు వెళ్లడం మేలు. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక మందం చూసే స్కానింగు మరొకటి ఉంటుంది. ఆడో మగో అడగడమూ చెప్పడమూ 1994 చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని సంగతి. తొలి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కొంచెం రక్తం కనపడుతుంది. వాళ్లలో చాలామందికి గర్భం నిలబడుతుంది. అయినా ఎంత కొంచెమైనా చూపించుకోవాలి. పొత్తికడుపులో ఒక పక్క పోట్లు, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొసన నొప్పి ఉంటే ఇంకో నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. గర్భసంచిలో కాకుండా పక్కనున్న నాళంలో పిండం పెరుగుతుంటే ఇలా జరుగుతుంది. నూటికి ఒకటి రెండు గర్భాలు అలాంటివి. నాళం పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. నెల తప్పిన మాట ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, పడిపోయిన ఆ పిల్లకు గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. మూడో నెల దాకా ఆగొద్దని నేనింత పట్టుబట్టడానికి ఇదొక్కటే చాలు.

గుర్తించిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవకుండా పోతాయి, అందులో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే. సగానికి సగం పిండంలోని క్రోమోజోముల పొరపాటు వల్ల జరిగేవి. ఆర్టీసీ బస్సెక్కినందుకు కాదు, బిందె ఎత్తినందుకు కాదు, భర్తతో కలిసినందుకు కాదు, ఎవరి కన్నో పడినందుకు కాదు. గర్భం పోయిన పిల్లను 'ఏం చేశావు, ఏం తిన్నావు' అని అడగకండి. ఆమె అప్పటికే ఆ ప్రశ్న తనను తాను వందసార్లు అడిగి ఉంటుంది. ఎవరికీ చెప్పని గర్భం పోతే ఆ ఏడుపు కూడా ఎవరి దగ్గరా ఏడవలేదు. వరసగా రెండు మూడుసార్లు పోతే పరీక్షలున్నాయి, వైద్యం ఉంది. రక్తం నెగటివ్ గ్రూపైతే ఆ మాట డాక్టరుకు వెంటనే చెప్పండి, యాంటీ-డి ఇంజెక్షన్ కావాలో వద్దో చూస్తారు. కొన్ని రోజులు ఆమెను పని నుంచి తప్పించండి, వేళకు అన్నం పెట్టండి, చెప్పుకుంటే వినండి. మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు నెల తప్పేదాకా ఆగకుండా, అంతకు నెల ముందే ఆ ఫోలిక్ యాసిడ్ మాత్ర తిరిగి మొదలుపెట్టమని చెప్పండి.